వట్టి చేతుల మేపు

డీలియా లినేన్ ముప్పై ఒక్క ఏళ్లు ఆకుపచ్చ వ్యానులో తిరిగి ఉత్తరాలు పంచింది. అన్నేళ్లలోనూ ఆమెను ఒక్క కుక్క కూడా కరవలేదు. కారణం ఆమె కోటు కుడి జేబులో ఉండేది. ఇంటికి ఉత్తరం ఉన్నా లేకపోయినా ఆ ఇంటి కుక్కకి బిస్కెట్టు మాత్రం ఉండేది. ఆ రూట్లో కుక్కలన్నీ పీపాల్లా తయారయ్యాయి. పశువుల డాక్టరు ఎక్కడ లావుపాటి కుక్కను చూసినా "ఇది డీలియా రూటా?" అని అడిగేవాడు. ఆమె రిటైరయ్యాక రెండు నెలలపాటు పదకొండు కుక్కలు, పొద్దున్న పదీ ఇరవై అయ్యేసరికి ఎవరి గేటు దగ్గర అవి కూర్చుని రోడ్డు వంక చూసేవి. కొత్తగా వచ్చిన పోస్ట్‌మ్యాన్, పాపం, మొదటి వారంలోనే రెండు ప్యాంట్లు చింపుకున్నాడు.

ఈ సంగతి ముందే ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, కుక్కల విషయంలో ఇంత చూసిన మనిషి అరవై ఒకటో ఏట మళ్లీ అదే పని చేసిందంటే ఎవరూ నమ్మరు.

ఆమెది చెడ్డ గుణం కాదు. ఎదుటి జీవి కళ్లలో ఆకలి కనబడితే ఆమె చెయ్యి ఊరుకోదు, అంతే. ఇంట్లో అడుగుపెట్టినవాడు టీ, సోడా రొట్టె, రొట్టె మీద అంగుళం మందాన వెన్న పుచ్చుకోకుండా బయటపడటం ఈ నాటికీ జరగలేదు. ఆ వంట తిని కూడా రివటలా మిగిలిపోయినవాడు భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. అతను ఆమె మొగుడు కోల్మన్.

ఆ సంవత్సరం సెప్టెంబరులో కోల్మన్‌కి తుంటి మార్చారు. వసంతం వచ్చేదాకా గుట్ట ఎక్కకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ మాట కోల్మన్‌కి ఆపరేషన్ కంటే ఎక్కువ నొప్పి కలిగించింది. ఎందుకంటే సరిగ్గా ఆ ఏడే అతని తొమ్మిది ఎర్ర పెయ్యలు తొలిసారి చూడి కట్టాయి. మూడేళ్లు ఏరి ఏరి, ఒక్కోదాని తల్లినీ అమ్మమ్మనూ గుర్తు తెచ్చుకుని మరీ నిలుపుకున్న పెయ్యలవి. వాటికి చోటు కోసం ముసలి ఆవుల్ని పంపించేశాడు. ఇక మీదట మంద అంటే ఆ తొమ్మిదే. అవి మార్చిలో సుఖంగా ఈనితే కోల్మన్‌కి మళ్లీ ఒక మంద ఉంటుంది. ఈనకపోతే ఆ వయసులో ఇంకోసారి మొదలుపెట్టే ఓపిక అతనికి లేదు.

అక్టోబరు ఆఖరి వారంలో అందరితోపాటు లినేన్ వాళ్ల పెయ్యలూ గుట్ట ఎక్కాయి. మిగతా లోకమంతా చలి రాగానే పశువుల్ని కొండ దింపి కొట్టాల్లో కడుతుంది. మా బరెన్ సున్నపురాతి గుట్టల్లో మాత్రం చలి మొదలవగానే కొండ ఎక్కిస్తారు. వేసవంతా ఒక్క గిట్టా తొక్కని గడ్డి అక్కడ ఆగి ఉంటుంది. ఎండలు తాగిన సున్నపురాయి చలికాలంలో ఆ వెచ్చదనాన్ని కొంచెం కొంచెంగా వదులుతుంది. పశువుకి పడుకోవడానికి పొడిగా ఉంటుంది, తాగడానికి ఊట ఉంటుంది. పల్లపు ఊళ్ల వాళ్లు ఇది చూసి మాకు మతి లేదనుకుంటారు. అనుకోనివ్వండి, వాళ్ల ఆవులు దగ్గుతున్న చప్పుడు ఇక్కడిదాకా వినిపిస్తూనే ఉంటుంది.

డీలియా పెయ్యల్ని ఎక్కించి వచ్చిన రోజు కోల్మన్ వంటింటి కిటికీ దగ్గర కుర్చీ వేయించుకున్నాడు. ఒళ్లో బైనాక్యులర్స్, కుర్చీకి ఆనించి చేతికర్ర. అక్కణ్ణుంచి మెట్లు మెట్లుగా లేచిన ఆ గుట్ట పై మెట్లన్నీ కనబడతాయి. అడుగున ఉన్న గేటు మాత్రం కనబడదు.

"రోజూ వెళ్లి చూసి రా, అంతే. తొమ్మిదీ ఉన్నాయా, ఊటలో నీళ్లున్నాయా, ఏదైనా కుంటుతోందా, ఇవే చూడు. చేత్తో మాత్రం ఏమీ పట్టుకెళ్లకు," అన్నాడు.

"నేనేం పట్టుకెళ్తాను?"

"ముప్పై ఏళ్లు నీ జేబులు చూశాను డీలియా. మాటివ్వు."

ఆమె మాటిచ్చింది. అతను ఎందుకంత పట్టుబడుతున్నాడో ఆమెకి తెలుసు. తొలిచూలు పెయ్యకి ఒళ్లు చేస్తే కడుపులో దూడా పెరుగుతుంది, దారీ కొవ్వుతో ఇరుకవుతుంది. అప్పుడు ఈత ఈతలా ఉండదు. పెళ్లయిన రెండో ఏడు పాన్సీ అనే పెయ్య ఈతలో పోయింది, దూడతో సహా. దూడ అడ్డం తిరిగిందని కోల్మన్ ఆ రోజు చెప్పాడు. ఆ తర్వాత పాన్సీ మాట ఎవరెత్తినా రేడియో సౌండు పెంచేవాడు.

మూడు వారాలు డీలియా మాట మీద నిలబడింది. నవంబరు మధ్యలో మంచు బిగిసిన ఒక పొద్దున్న ఆమె గేటు దగ్గర, రిటైరైనప్పుడు కొనుక్కున్న తన పాత పోస్టు వ్యాను ఆపేసరికి ఒక పెయ్య ఒంటరిగా దిగి వచ్చింది. దాని పేరు లేడీ. నుదుటి మీద తెల్ల చుక్క, నడకలో ఆ పేరుకి తగ్గ ఠీవి. వచ్చి గేటు మీదుగా తల పెట్టి, పొగలు కక్కుతున్న ముక్కుతో, తేమ కళ్లతో డీలియా వంక చూసింది. నిజానికి దానికి ఆకలి లేదు. పొట్ట నిండుగానే ఉంది. ఏమిటీ ఆకుపచ్చ పెట్టె అని చూడ్డానికి వచ్చింది, అంతే. కానీ డీలియా ఆ చూపుని తనకి అలవాటైన భాషలోనే చదువుకుంది. అయ్యో తల్లీ, కడుపుతో ఉన్నదానివి, ఈ రాళ్లలో ఏం తింటున్నావు అనుకుంది.

మర్నాడు కోటు జేబులో గుప్పెడు దాణా ఉంది. నాలుగో రోజుకి గుప్పెడు బకెట్టయింది. లేడీ ఒక్కదానికే పెట్టి మిగతా ఎనిమిదింటి ముఖాలు చూడలేక వారం తిరక్కుండా బస్తా అయింది. ఆ బస్తా వ్యాను వెనక పాత పోస్టు సంచుల కింద పడుకునేది. తను చేస్తున్నది తప్పని ఆమెకి తెలియక కాదు. రేపటి నుంచి మానేస్తాను అని రోజూ అనుకునేది. రేపు పొద్దున్న తొమ్మిది జతల కళ్లు గేటు మీద ఉండేవి.

డిసెంబరు రెండో వారానికి పెయ్యలు గుట్ట ఎక్కడం పూర్తిగా మానేశాయి. వ్యాను కింద మలుపులో గేరు మార్చిన చప్పుడు వినబడితే చాలు, తొమ్మిదీ ఒకదాన్నొకటి తోసుకుంటూ గేటుకి వచ్చేసేవి. మిగతా రోజంతా కూడా అక్కడే కూలబడి నెమరేసేవి. గేటు ముందు నేల బురద గుంటయింది. వాటి వెనక, వేసవంతా వాటి కోసం ఆగిన గడ్డి ముట్టుకునేవాళ్లు లేక వాలిపోయి ఉంది.

పై మెట్ల మీద ఒక్కటీ కనబడదేంటని కోల్మన్ ఒకరోజు బైనాక్యులర్స్ దించకుండానే అడిగాడు. అవతలి వైపు గాలి తక్కువని, అక్కడున్నాయని డీలియా చెప్పింది. ఇన్నేళ్ల కాపురంలో కొత్త చెప్పుల ధర విషయంలో తప్ప ఆమె అతనితో అబద్ధమాడింది లేదు. ఆ పూట ఆమెకి టీ సయించలేదు.

క్రిస్మస్ ఇంకా నాలుగు రోజులుందనగా గోడ అవతల ఫెస్టీ నైలన్ అనే పొరుగువాడు ప్రత్యక్షమయ్యాడు. వాళ్ల గుట్టా వీళ్ల గుట్టా పక్కపక్కనే. ఫెస్టీ డీలియాతో ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నాడు. అప్పట్నుంచీ ఆమెను ఉడికించడం తన హక్కనుకుంటాడు. డీలియా చేతిలో బకెట్టు ఉంది. దాచడానికి చోటు లేదు.

"బస్సు కోసం నిలబడ్డారా మీ అమ్మాయిలు?" అన్నాడు.

చలికి దిగాయని ఆమె ఏదో గొణిగింది. ఫెస్టీ గేటు తీసుకుని లోపలికొచ్చి లేడీ తోక మొదట్లో చెయ్యి పెట్టాడు. తర్వాత డీలియా చెయ్యి పట్టుకుని అక్కడే పెట్టించాడు. ఎముక తగలవలసిన చోట పొంగిన రొట్టెపిండి తగిలింది.

"ఇది గుట్ట మీద మేసే పశువు కాదమ్మాయ్. ఇది మా ట్రిక్సీ," అన్నాడు ఫెస్టీ. ట్రిక్సీ అతని కుక్క. డీలియా రూట్లో మొదటి ఇల్లు వాళ్లది.

ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఫెస్టీ ఉడికించడం మానేసి నెమ్మదిగా చెప్పాడు. కడుపులో దూడ అసలు పెరిగే కాలం ఈ వచ్చే రెండు నెలలే. ఇప్పుడు పెట్టే ప్రతి బకెట్టూ దూడ భుజాల్లోకి పోతుంది. మార్చిలో పశువుల డాక్టరొక పక్క, నువ్వొక పక్క తాడు పట్టుకుని లాగాలి. తొమ్మిదింటికీ లాగాలి. ఎన్ని బతుకుతాయో చెప్పలేం. ఇప్పటికీ మించిపోలేదు గానీ, వీటిని మాడ్చకూడదు, కడుపుతో ఉన్నాయి. బకెట్టు ఆగాలి, అవి గుట్ట ఎక్కాలి, వాటి కాళ్లతో అవి నడిచి వాటి నోటితో అవి వెతుక్కోవాలి.

"కోల్మన్‌కి చెప్పకు ఫెస్టీ."

"నేను చెప్పను. మార్చిలో అవే చెప్తాయి," అన్నాడతను.

మర్నాడు ఆమె బకెట్టు లేకుండా వెళ్లింది. గేటు దగ్గర తొమ్మిదీ ముందు ఆశ్చర్యపోయాయి, తర్వాత అలిగాయి, తర్వాత నోళ్లు తెరిచాయి. ఆ అరుపులు లోయ దాటి వంటింటి కిటికీదాకా వెళ్లాయి. ఎవరి పశువులవని కోల్మన్ అడిగితే డీలియా కంగారులో ఫెస్టీవి అనేసింది. సాయంత్రం ఫెస్టీ టీకి వచ్చినప్పుడు కోల్మన్ అతన్ని నిలదీశాడు, పశువుల్ని అలా ఏడిపిస్తావేంటని. ఫెస్టీ ఒకసారి డీలియా వంక చూసి, రొట్టె మీద రెండో పొర వెన్న రాసుకుంటూ, అవును, వాటికి నోరెక్కువ, పక్కింటి వాళ్ల పోలిక వచ్చిందన్నాడు. ఆ పూట అతనికి మూడో ముక్క రొట్టె కూడా దక్కింది.

మూడు రోజులు గడిచినా పెయ్యలు గేటు వదల్లేదు. వ్యాను చప్పుడు వాటికి బడి గంటయి కూర్చుంది. అప్పుడు ఫెస్టీయే ఒక దారి చెప్పాడు. వ్యాను తీయడం మానెయ్, గేటు వైపే రాకు, మా పెరట్లోంచి నడిచి ఎక్కి పైనుంచి కనబడు అన్నాడు. నీ ముఖం ఎటుంటే అవి అటే వస్తాయి, ముఖం పైన పెట్టు అన్నాడు. రెండు గుట్టల మధ్య గోడలో వాళ్ల తాత పేర్చిన రాళ్లు ఒక్కొక్కటే దించి మనిషి దూరేంత సందు చేశాడు. పశువు రాకుండా అడ్డంగా ఒక వాసం కట్టాడు. మా వైపు గోడ విప్పడమంటే మామూలు విషయం కాదు. అన్నదమ్ములే అడగడానికి మొహమాటపడతారు.

డీలియా ముప్పై ఏళ్లు బతికింది వ్యానులో. ఫెస్టీ పెరటి నుంచి ఆ సందుదాకా ముప్పావుగంట ఎక్కుడు. మొదటిరోజు నాలుగు చోట్ల కూర్చుంది. తల ప్రాణం తోకకొచ్చింది. పైకి చేరి, ఊపిరి తీసుకుని, నెత్తిన ఉన్న ఎర్ర టోపీ తీసి ఊపుతూ పిలిచింది. కింద గేటు దగ్గర తొమ్మిది తలలు ఒక్కసారి వెనక్కి తిరిగాయి. కాసేపు అవి నమ్మలేదు. ఆకుపచ్చ పెట్టె లేకుండా ఈ మనిషి అక్కడెలా మొలిచిందని చూశాయి. తర్వాత లేడీ కదిలింది. దాని వెనక మిగతావి, పొట్టలు ఊపుకుంటూ, రాళ్ల మధ్య అడుగు చూసుకుంటూ, రెండు వారాల తర్వాత తొలిసారి పైకి ఎక్కి వచ్చాయి.

వచ్చి ఆమె చేతులు వాసన చూశాయి. వట్టివి. జేబులు చూశాయి. అవీ వట్టివే. లేడీ ఆమె మోచేతిని ముట్టెతో ఒక పోటు పొడిచింది. డీలియాకి కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ చేతులు వెనక్కి కట్టుకుని నడవడం మొదలుపెట్టింది. అవి వెంటపడ్డాయి. గడ్డి బాగా ఉన్నచోటు చూసి ఆమె ఆగింది. అవీ ఆగాయి. ఆమె ఏమీ చెయ్యలేదు. వాటికి విసుగు పుట్టింది. విసుగు పుట్టిన పశువు తల వంచుతుంది, తల వంచితే నోటికి గడ్డి తగులుతుంది. మొదటి నోరు పరపరమని గడ్డి తెంపిన చప్పుడు ఆమె చెవికి పెళ్లి బాజాలా వినిపించింది.

అలా రోజూ ఎక్కడం మొదలైంది. వారం తిరిగేసరికి ఆమె నాలుగు చోట్ల కాకుండా రెండుచోట్ల కూర్చునేది, నెల తిరిగేసరికి ఎక్కడా కూర్చోలేదు. గుట్ట ఆమెకి కొత్త పోస్టు రూటయింది. పడమటి గాలి ఉంటే తూర్పు గుంటలోకి తీసుకెళ్లేది, మంచు పడితే రాయి ముందుగా వెచ్చబడే పై మెట్టుకి. వాన వెలిసిన రోజు ఊట పక్కన. ఒక్కోచోటుకీ తన పాత రూట్లో ఇళ్ల పేర్లు పెట్టుకుంది. ఎప్పుడు వెళ్లినా ఏదో ఒకటి తినబెట్టే మిసెస్ కాన్సిడిన్ పేరు గడ్డి దట్టంగా ఉన్న మెట్టుకిచ్చింది. తలుపు సందులోంచి చెయ్యి మాత్రం బయటపెట్టి ఉత్తరం లాక్కునే మాస్టారి పేరు, ముళ్ల పొదలు తప్ప ఏమీ లేని వాలుకి. నిన్న వెళ్లిన ఇంటికి ఇవాళ వెళ్లేది కాదు. ఎవరి గడప ముందూ మరీ ఎక్కువసేపు నిలబడకూడదని ఆమెకి ఉద్యోగమే నేర్పింది. ముప్పై ఏళ్లు ఆమె తిండిని జీవుల దగ్గరికి మోసింది. ఇప్పుడు జీవుల్ని తిండి దగ్గరికి నడిపిస్తోంది. ఆ తేడా ఇంత సంతోషంగా ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

మొదట్లో సంచిలో తన కోసం రొట్టె తెచ్చుకునేది. తొమ్మిది ముఖాల ముందు తినడం కుదరక అదీ మానేసింది. జనవరి చివరికి బెల్టుకి కొత్త చిల్లు పొడవవలసి వచ్చింది. గుట్ట మీద పది ఆడ ప్రాణాలు కలిసి సన్నబడ్డాయి. పెయ్యల తోకల మొదట్లో మళ్లీ ఎముక తగిలింది. ఎముక మీద పట్టుచొక్కా అంత కండ, చాలు. బొచ్చు మెరుస్తోంది. కాళ్లు మేకల్లా రాళ్లెక్కుతున్నాయి.

ఫిబ్రవరి మొదటి రోజున వచ్చే సెయింట్ బ్రిజిడ్ పండగ మర్నాడు, ఆ పండగకి అల్లే రెల్లు శిలువ గుమ్మానికి వేలాడదీసి ఆమె గుట్టకి వెళ్లొచ్చేసరికి కోల్మన్ కిటికీ దగ్గర బైనాక్యులర్స్ తుడుస్తున్నాడు.

"పై మెట్టు మీద పది కనబడ్డాయి ఇవాళ. మనవి తొమ్మిదే కదా?"

"పదోది నేను."

"దగ్గర దగ్గర మూడు గంటలు?"

"నడవమన్నాడు డాక్టరు."

"నడవమన్నది నన్ను," అన్నాడు కోల్మన్. మర్నాటి నుంచి ఆమె గుట్టకి బయల్దేరగానే అతనూ కర్ర తీసుకుని వాకిలి చివరిదాకా వెళ్లి రావడం మొదలుపెట్టాడు.

ఫిబ్రవరి ఆఖర్లో పెయ్యల్ని దింపి ఇంటి వెనక పొలంలోకి తెచ్చారు. మార్చి మొదటి వారంలో ఒకటి ఈనింది. డీలియా రొట్టెలు పొయ్యిలో పెట్టి తీసేలోగా ఈనేసి, దూడని నాకి, నిలబెట్టి, పాలు కూడా తాగిస్తోంది. రెండోదీ అంతే. ఆ నెలలో ఒక పొద్దున్న ఒకేసారి రెండు దూడలు ఎండలో వణుకుతూ నిలబడి ఉన్నాయి. పశువుల డాక్టరు నంబరు ఫోను పక్కన కాగితం మీద రాసి ఉంది. ఆ కాగితం మీద ఎవరో టీ కప్పు పెట్టేశారు. ఎనిమిది పెయ్యలు, ఎనిమిది దూడలు, ఒక్కదానికీ తాడు ముట్టుకోలేదు. కోల్మన్ గోడ దగ్గర నిలబడి ఎర్ర దూడల్ని చూస్తూ ఈల వేసేవాడు. అతను ఈల వేయగా డీలియా పదేళ్లలో వినలేదు.

మిగిలింది లేడీ. మొదటి గుప్పెడు తిన్నది అదే, అందరికంటే ఎక్కువ బకెట్లు తిన్నదీ అదే. దాని రోజులు నిండి తొమ్మిది రోజులు దాటాయి. మిగతా ఎనిమిదీ సుఖంగా ఈనిన కొద్దీ డీలియాకి భయం పెరిగింది. తన తప్పంతా ఈ ఒక్కదాని కడుపులో దాక్కుని ఉందనిపించేది.

నెలాఖరు శుక్రవారం, ఉదయం పది దాటాక లేడీ గోడ వారగా పడుకుంది. లేచింది, తిరిగింది, మళ్లీ పడుకుంది. గంట గడిచింది. నీళ్లు పోయాయి గానీ ఏమీ కనబడలేదు. కోల్మన్ ఫోను చేస్తే డాక్టరు కొండ అవతల ఇంకో ఆవు దగ్గర ఉన్నాడు, వస్తున్నానన్నాడు. ఇద్దరూ గోడకి ఆనుకుని నిలబడ్డారు. లేడీ ముక్కింది. ఇక ఆమె వల్ల కాలేదు.

"కోల్మన్, నేను మేపాను. మాటిచ్చి తప్పాను. నవంబరు నుంచి క్రిస్మస్ దాకా రోజూ బకెట్టు మోశాను. గుట్టెక్కడం మర్చిపోయేలా చేశాను. దీనికేమైనా అయితే నా చేతులతో చేసినట్టే."

కోల్మన్ లేడీ వంకే చూస్తున్నాడు.

"పాన్సీ దూడ అడ్డం తిరగలేదు," అన్నాడు.

ఆమె అతని వైపు తిరిగింది.

"తిన్నగానే ఉంది. మరీ పెద్దది, అంతే. మా నాన్న నాకిచ్చిన మొదటి పెయ్య అది. నీకు గొప్పగా చూపించాలని దొంగతనంగా మేపాను. రెండు నెలలు, సంచీలకి సంచీలు. నీకు ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"ముప్పై మూడేళ్లు దాచావా?"

"నువ్వు నాలుగు నెలలేగా దాచావు. నువ్వే నయం," అన్నాడు. ఆమె చెయ్యి తీసుకుని తన కోటు జేబులో పెట్టుకున్నాడు. "నేను ఆపలేదు డీలియా, చివరిదాకా మేపుతూనే ఉన్నాను. నువ్వు ఆపావు. ఎలా ఆపావో రోజూ కిటికీలోంచి చూశాను. ఇక ఊరికే చూడు."

లేడీ మరోసారి ముక్కింది. రెండు తెల్లటి గిట్టలు కనబడ్డాయి. వాటి మీద, మోకాళ్ల మీద గడ్డం ఆనించుకున్నట్టు, ఒక చిన్న ముక్కు. సరిగ్గా ఎలా ఉండాలో అలా. కోల్మన్ ఆమె చెయ్యి వదల్లేదు. రెండు ముక్కుళ్లకి తల వచ్చింది. భుజాల దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత లేడీ ఒళ్లంతా ఒక అల లేచి, దూడ మొత్తం జారి గడ్డి మీద పడింది. తల విదిలించి తుమ్మింది. పెయ్యదూడ, నుదుటి మీద తెల్ల చుక్క.

డీలియా ఏడ్చింది, నవ్వింది, గోడ మీద రాయిని పట్టుకుని మళ్లీ ఏడ్చింది. లేడీ అప్పటికే లేచి నిలబడి, పక్కన ఎవరూ లేనట్టు, దూడని తల నుంచి తోకదాకా నాకుతోంది. కోల్మన్ వెళ్లి డాక్టరుకి ఫోను చేసి రానక్కర్లేదని చెప్పాడు. ఎలా ఉన్నాయని డాక్టరు అడిగితే ముగ్గురు ఆడవాళ్లూ కులాసా అన్నాడు.

"ఇప్పుడు పెట్టొచ్చు. పాలు పడాలి కదా, తెచ్చుకో నీ బకెట్టు," అన్నాడు తిరిగొచ్చి.

డీలియా పరుగెత్తింది. మూడు నెలలుగా ముట్టని బకెట్టుని కడిగి, నిండా దాణా పోసి, రెండు చేతులతో పట్టుకొచ్చి లేడీ ముందు పోసింది. లేడీ ఒక్కసారి వాసన చూసింది. తల తిప్పుకుని రెండడుగులు వేసి గోడ మొదట్లో మొలిచిన కొత్త గడ్డి పరపరా తెంపుకుని తినసాగింది. దూడ తడబడుతూ లేచి, పడి, మళ్లీ లేచి, పొదుగు వెతుక్కుంది. దాణా అలాగే ఉంది.

డీలియాకి కొంచెం చిన్నతనమనిపించింది. తర్వాత దాన్ని మించిన గర్వం ముంచుకొచ్చింది. వట్టి బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని, లేడీ తింటుంటే చూస్తూ ఉండిపోయింది. పొద్దున్నుంచి తను ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

వెనక అడుగుల చప్పుడైంది. తిరిగి చూస్తే కోల్మన్ వస్తున్నాడు. ఒక చేతిలో పొగలొచ్చే టీ కప్పు, ఇంకో చేతిలో రొట్టె ముక్క. కోయడం చేతకాక ఒక పక్క లావు, ఒక పక్క పల్చన. దాని మీద వెన్న మాత్రం అంగుళం మందాన ఉంది. రెండు చేతులూ నిండుగా ఉన్నాయి కాబట్టి కర్ర పట్టుకోవడానికి చెయ్యి లేదు. అది అక్కడ గోడకి ఆనించి ఉంది. కర్ర వదిలేశానన్న సంగతి అతనికింకా తెలియలేదు. టీ తొణక్కుండా చూసుకుంటూ, తిన్నగా, పొలం అడ్డంగా నడిచి వస్తున్నాడు.

డీలియా ఏమీ చెప్పలేదు. అతను దగ్గరికి వచ్చేదాకా ఆగి, రొట్టె అందుకుని తింది.